పదును తెలిసిన పొలం

సాస్కటూన్ పొలిమేర దాటి పదకొండో నంబరు హైవే ఎక్కగానే మా అల్లుడు కారు వేగాన్ని ఒకచోట బిగించి, పెడల్ మీది నుంచి కాలు తీసేశాడు. "మామయ్యా, ఇక మలుపులుండవు. కావాలంటే మీరో కునుకు తీయండి" అన్నాడు. కునుకు ఎక్కడ పడుతుంది? ఉదయం ఆరు గంటలకే ఎండ నడినెత్తి మీదికి వచ్చేటట్టుంది. రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు ఆనేంత మేర పసుపు. ఆవచేను అనుకున్నాను. ఆవకు దగ్గర చుట్టమే, పేరు కనోలా. దాని వెనక నీలంగా కనిపించింది చెరువేమో అనుకుంటే, పూతకొచ్చిన అవిసె చేను.

కెనడాకు పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు ఒక పట్టిక రాసిపెట్టి ఉంటుంది. నయాగరా, టొరంటో టవరు, బాన్ఫ్ కొండలు, మధ్యలో ఒక గుడి. 2022 జూలైలో మేం వచ్చినప్పుడు మా అమ్మాయి కూడా ఆ పట్టికే పట్టుకొచ్చింది. వచ్చిన రెండో రోజే నేనో చిక్కు పెట్టాను. వంటింట్లో ఎర్రపప్పు డబ్బా చూసి "ఇది ఎక్కణ్ణుంచి తెప్పించుకుంటారమ్మా?" అంటే, "తెప్పించుకోవడమేంటి నాన్నా, ఊరి బయటే పండుతుంది" అంది. మా వైపు దాన్ని మైసూరు పప్పంటాం. మసూర్ అన్న మాట నోళ్లలో నలిగి అలా అయి ఉంటుంది. దగ్గర దగ్గర ఆర్నెల్లు మంచు కింద ఉండే ఊరి బయట మన పప్పు పండటమేమిటి? అది చూపిస్తే చాలు, బాన్ఫ్ మరోసారి చూస్తానన్నాను.

నేను ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినవాణ్ణే గానీ, పుట్టింది అనంతపురం జిల్లాలో, మెట్ట రైతు ఇంట్లో. ఇప్పటికీ ఐదెకరాల ఎర్రనేల ఉంది. ఏటా శెనక్కాయ వేస్తాం, ఏటా ఆకాశం చూస్తాం. ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. అల్లుడు యూనివర్సిటీలో నేల పరీక్షల పని చేస్తాడు. నా కోరిక విని నవ్వి, "అయితే ఇండియన్ హెడ్ పోదాం మామయ్యా. మీకు నచ్చే ఊరు. అక్కడ మీకంటే తక్కువ వాన" అన్నాడు.

సాస్కటూన్‌కు, రెజైనాకు సరిగ్గా నడిమధ్య డేవిడ్‌సన్ అనే చిన్న ఊరుంది. ఊరి మొదట్లో మనిషికి నాలుగింతలుండే కాఫీ కూజా, పక్కన కప్పు, ఇనుముతో చేసి నిలబెట్టారు. దాని నీడన కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. గాలి ఆగకుండా కొడుతోంది. అడ్డుకోవడానికి చెట్టు లేదు, గుట్ట లేదు. దుక్కి చేసి వదిలేసిన నేలను ఈ గాలి ఏం చేసి ఉంటుందో అప్పుడే అనుమానం వచ్చింది నాకు. సాయంత్రానికి ఆ అనుమానమే ఆ ఊరి చరిత్ర అని తెలిసింది.

బ్రిటిష్ ప్రభుత్వం పంపగా జాన్ పాలిజర్ అనే ఆయన 1857 నుంచి 1860 దాకా ఈ మైదానాల్లో తిరిగాడు. దక్షిణాన పెద్ద త్రికోణం ఒకటి ఉందనీ, అది సేద్యానికి పనికిరాని పొడి నేల అనీ రాసిచ్చాడు. దానికి పాలిజర్ త్రికోణం అన్న పేరు ఇప్పటికీ ఉంది. పనికిరాదన్న నేల మీదే, తర్వాత పాతికేళ్లలో రైలు పట్టాలు పడ్డాయి. పట్టాల వెంట రైతులొచ్చారు. ఆ రైతులు వచ్చింది ఖాళీ నేలకేం కాదు. ఇండియన్ హెడ్‌కు ఉత్తరాన ఉన్న ఫోర్ట్ కపెల్ దగ్గర 1874 సెప్టెంబర్ 15న నాలుగో నంబరు ఒడంబడిక జరిగింది. క్రీ, సొటో తెగల వాళ్ల భూమి ఆ కాగితంతో చేతులు మారింది. రిజర్వుల్లో మిగిలినవాళ్లు కూడా సేద్యం నేర్చుకుని బాగా పండిస్తుంటే, 1889 నుంచి కొన్నేళ్ల పాటు వాళ్లు యంత్రాలు వాడకూడదని, కొడవళ్లు, పారలతోనే పని చేసుకోవాలని ప్రభుత్వ అధికారులు ఆంక్ష పెట్టారు. పక్క పొలంలో తెల్ల రైతు యంత్రంతో కోస్తుంటే వీళ్లు చేత్తో కోయాలి. ఈ సంగతి చెప్పకుండా ఇక్కడి సేద్య విజయాల గురించి మాట్లాడితే లెక్క సరిపోదు.

రెజైనా దాటాక తూర్పుగా డెబ్భై కిలోమీటర్లు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయే ఒకటో నంబరు రహదారి పక్కనే ఇండియన్ హెడ్. మా వైపు మండల కేంద్రమంత కూడా ఉండదు. అమ్మాయి ముందే మెయిల్ పెట్టడంతో, అక్కడి ప్రభుత్వ పరిశోధనా క్షేత్రంలో పనిచేసే ఒక కుర్రవాడు మా కోసం గేటు దగ్గర కనిపెట్టుకుని ఉన్నాడు. ఆ జిల్లా రైతు బిడ్డే. ముత్తాత యుక్రెయిన్ నుంచి వచ్చాడట. నేను రైతునని అల్లుడు చెప్పగానే అతని మాట తీరు మారిపోయింది. ఆఫీసు గదికి తీసుకెళ్లడం మానేసి, నేరుగా చేలోకి నడిపించాడు.

1886లో కెనడా పార్లమెంటు ఒక చట్టం చేసి, దేశమంతా కలిపి ఐదు ప్రయోగ క్షేత్రాలు పెట్టమంది. కేంద్రంగా ఒట్టావా, తూర్పున నాపన్, మైదానాల్లో బ్రాండన్, ఇండియన్ హెడ్, పడమట అగాసీ. వాటికి మొదటి డైరెక్టరు విలియం సాండర్స్. వృత్తికి మందుల షాపు నడిపిన మనిషి. ఇండియన్ హెడ్ బాధ్యత ఆంగస్ మెకే అనే స్థానిక రైతు చేతిలో పెట్టారు. అతణ్ణే ఎందుకు పెట్టారన్నదానికి ఇక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది.

1885లో ఈ ప్రాంతంలో మేటీ అనే స్థానిక ప్రజల తిరుగుబాటు జరిగింది. సైన్యానికి సామాను మోయడానికి రైతుల గుర్రాలు, బళ్లు పోయాయి. విత్తే అదును దాటిపోయింది. మెకే పొలంలో కొంత భాగం ఆ ఏడు విత్తనం పడకుండా బీడుగా ఉండిపోయింది. కలుపు మొలిస్తే దున్నడం తప్ప మరేం చేయలేదు. మరుసటి ఏడు, 1886లో, పెద్ద కరువు. చుట్టుపక్కల పంటలన్నీ మాడిపోతే, ఆ బీడు పెట్టిన నేలలో మాత్రం గోధుమ నిలబడింది. ఒక ఏడాది వాన నేలలో దాక్కుని, రెండో ఏడాది పంటకు అందింది. మెకే దాన్ని పట్టుకున్నాడు. ప్రయోగ క్షేత్రంలో ఏళ్ల తరబడి పరీక్షించి, ఊరూరా చెప్పాడు. వేసవి బీడు ఈ మైదానాలకు శాస్త్రం అయిపోయింది. ఒక ఏడు పంట, ఒక ఏడు బీడు.

మన భాషలో ఈ కథకు ఒక్క మాట చాలు. పదును. విత్తడానికి నేలలో ఉండాల్సిన తేమ. "అదును పదును చూసి విత్తాలి" అనే మాట మా నాన్న నోట్లో రోజూ ఆడేది. అదును ఆకాశం చేతిలో ఉంది గనక మెకే పదును మీద పడ్డాడు.

ఆ మొదటి రోజుల్లోనే ఇక్కడ ఇంకో పని జరిగింది. అందులో మనకూ వాటా ఉంది. ఇక్కడ మంచు పడని రోజులు వంద, వంద చిల్లర. పాత రెడ్ ఫైఫ్ గోధుమ పండేలోపే కొన్నేళ్లు మంచు పడేది. దాన్ని హార్డ్ రెడ్ కలకత్తా అనే హిందుస్థానీ గోధుమతో సాండర్స్ కుటుంబం సంకరం చేసింది. దిగుబడి తక్కువైనా త్వరగా పండే గుణం మన గోధుమది. విలియం కొడుకు చార్లెస్ ఆ సంకరం పిల్లల్లోంచి మంచివి ఏరాడు. పిండి చూడటానికి మర ఎక్కడిది? గింజలు నోట్లో వేసుకుని నమిలి, బంక ఎలా సాగుతుందో పంటి కింద చూసి తేల్చేవాడట. అలా తేలిన మార్క్విస్‌ను 1907లో ఇండియన్ హెడ్ నేలలో వేసి చూశారు. రెడ్ ఫైఫ్ కంటే వారం పైగా ముందే కోతకొచ్చింది. 1909లో రైతులకు విడుదల చేశారు. ఆ తర్వాతి పదేళ్లలో ఈ మైదానాల్లో గోధుమంటే మార్క్విస్సే. కలకత్తా పేరున్న గింజ కెనడా గోధుమకు ఒక అమ్మమ్మ అన్నమాట. ఇప్పుడు వాళ్లు మనకు పప్పు పంపుతున్నారు. అప్పు తీర్చుకున్నట్టే ఉంది.

కుర్రవాడు మమ్మల్ని ఒక చెట్ల వరుస దగ్గర ఆపాడు. చిక్కుడు కాయల్లాంటి సన్న కాయలతో పొదల్లా పెరిగిన చెట్లు. కరగానా, పుట్టిల్లు సైబీరియా. "ఇవి మా ముత్తాతల గోడలు" అన్నాడు.

బీడు పెట్టడంలో ఒక చిక్కుంది. బీడంటే మన బీడులా గడ్డి పెరిగే నేల కాదు. గడ్డి పెరిగితే తేమ తాగేస్తుంది గనక మొలిచిందల్లా దున్నేయాలి. ఒక వేసవిలో ఐదారు దుక్కులు. నేల పిండిపిండి అవుతుంది. 1930లలో వరుస కరువులొచ్చాయి. ఆ పిండిని గాలి ఎత్తుకుపోయింది. మిట్ట మధ్యాహ్నం దీపాలు వెలిగించుకున్నారు, కంచాలు బోర్లించి పెట్టుకుని వడ్డించే ముందు తిప్పుకున్నారు. వేల కుటుంబాలు ఇళ్లకు తలుపులు బిగించి ఉత్తరానికో పడమటికో వెళ్లిపోయాయి. 1935లో కేంద్ర ప్రభుత్వం ప్రెయిరీ వ్యవసాయ పునరుద్ధరణకు ప్రత్యేక చట్టం తెచ్చి, చెరువులు తవ్వించి, కొట్టుకుపోయే నేలలను గడ్డి మైదానాలుగా మార్చింది. ఇండియన్ హెడ్ నర్సరీ నుంచి రైతులకు గాలి అడ్డం చెట్ల మొక్కలు వెళ్లాయి. 1901లో మొదలైన ఆ పంపిణీ 2013లో ఆగేనాటికి 60 కోట్లకు పైగా మొక్కలు పంచారు. ఇప్పుడు అరవై అడుగుల యంత్రాలు తిరగడానికి అడ్డమని కొందరు ఆ వరుసలనే పెకలిస్తున్నారని చెబుతూ కుర్రవాడు కరగానా కొమ్మను ఒకసారి నిమిరాడు.

ఆ కరువు రోజుల్లోనే అల్బర్టాలో చార్లెస్ నోబుల్ అనే రైతు ఒక పనిముట్టు చేశాడు. దాని బొమ్మ చూపిస్తే నాకు నవ్వొచ్చింది. వెడల్పాటి ఇనప బద్ద నేలలో రెండు మూడు అంగుళాల లోతున అడ్డంగా జారుతూ కలుపు వేళ్లు కోస్తుంది. మట్టి తిరగబడదు. పైన కొయ్యకాళ్లు నిలబడే ఉంటాయి. "ఇది మా గుంటక!" అన్నాను. అల్లుడికి గుంటకంటే తెలియలేదు. వాడు హైదరాబాద్ పిల్లవాడు. ఆ కెనడా కుర్రవాడికి మట్టి మీద పుల్లతో గీసి చూపించాను. ఎద్దులు, కాడి, రెండు కొయ్యలు, కింద అడ్డంగా బద్ద. అతను మోకాళ్ల మీద కూర్చుని చూసి, ఫోటో తీసుకున్నాడు. ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారని అడిగాడు. మా తాతకు కూడా అది తాతల నాటిదేనని చెప్పాను.

గుంటక గాలిని కొంత ఆపింది గానీ బీడును ఆపలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ మంచి వానలొచ్చాయి, ట్రాక్టర్లు పెరిగాయి. 1970ల నాటికి మూడు ప్రెయిరీ రాష్ట్రాల్లో కలిపి ఏటా కోటి హెక్టార్లు బీడు పడేది. అప్పటికి పరిశోధనా కేంద్రాల పుస్తకాల్లో లెక్కలు పేరుకున్నాయి. ఆ లెక్కలు మెకే పాఠానికి ఎదురు తిరిగాయి. కోత నుంచి ఏడాదిన్నర పైగా నేలను ఖాళీగా ఉంచితే, పడిన నీటిలో నిలిచేది దాదాపు ఐదో వంతే. మిగిలింది ఆవిరయ్యేది, లేదా కిందికి దిగి ఉప్పును పైకి తెచ్చేది. దున్నిన ప్రతిసారీ నేలలోని సత్తువ కరిగి గాలిలో కలిసేది. 1984లో హెర్బర్ట్ స్పారో అనే సాస్కచెవాన్ సెనేటరు నాయకత్వంలో ఒక కమిటీ "నేల ప్రమాదంలో ఉంది" అని నివేదిక ఇచ్చింది. దేశానికి అది గట్టిగా తగిలింది.

ఏ ఊరి క్షేత్రం బీడు పెట్టమని వందేళ్ల కింద నేర్పిందో, ఆ ఊళ్లోనే దాన్ని మాన్పించే పని కూడా జరిగింది. నేను ఇంత దూరం వచ్చి నేర్చుకున్నది ఇదే. ఇండియన్ హెడ్ రైతు జిమ్ హాల్‌ఫర్డ్ దుక్కి మానేశాడు. కొయ్యకాళ్లలోనే విత్తడానికి తనకు సరిపడే యంత్రం దొరకలేదు. తనే ఒకటి తయారు చేసుకున్నాడు. సన్నటి కత్తి లాంటి మొన నేలను చీలుస్తుంది, ఒక పక్క ఎరువు, కాస్త ఎడంగా విత్తనం పడుతుంది, వెనక చక్రం అదుముతుంది. అన్నీ ఒకేసారి. ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలో ఉన్న గీ లఫాండ్ అనే శాస్త్రవేత్త ఆ రైతు పొలాన్నే ప్రయోగశాల చేసుకున్నాడు. చాలా ఏళ్లుగా దున్నని హాల్‌ఫర్డ్ నేల, కంచె అవతల కొత్తగా దున్నడం మానిన నేల, రెండింట్లో ఒకే పంట. పాతికేళ్ల ఓపిక ఉన్న నేల తక్కువ నత్రజనితోనే అవతలి దానంత పంట ఇచ్చింది.

ఆ విత్తే యంత్రాన్ని షెడ్డులో చూశాను. పెద్దది అరవై అడుగుల వెడల్పు. వెనక ఇంటంత తొట్టి. తొట్టిలోంచి విత్తనం గాలి ఊదుడుకు గొట్టాల్లో పరుగెత్తి ఒక్కో మొన దగ్గర పడుతుంది. నాకు మా ఇంటి గొర్రు కళ్ల ముందు ఆడింది. నాలుగు పళ్ల గొర్రు, పైన జడ్డిగం, జడ్డిగంలోకి పిడికిలి విప్పి లెక్కగా గింజలు వదిలే మా అమ్మ. ఇక్కడ జడ్డిగం తొట్టయింది, అమ్మ చెయ్యి గాలయింది. సాలు మాత్రం అదే సాలు.

కొయ్యకాళ్లు ఎందుకంత ఎత్తున వదులుతారని అడిగితే, కుర్రవాడు చలికాలం గురించి చెప్పాడు. గాలికి కొట్టుకొచ్చే మంచును కొయ్యలు పట్టుకుంటాయి. పట్టిన మంచు వసంతంలో అక్కడే కరిగి అక్కడే ఇంకుతుంది. వీళ్ల వానలో పెద్ద వాటా మంచు రూపంలో వచ్చేదే. అంటే పంట కోసేశాక మిగిలిన గడ్డి దుబ్బులు చలికాలమంతా ఇంకో పంట కోస్తున్నాయన్నమాట. ఆ పంట పేరు పదును.

అప్పుడతను జీపులోంచి ఒక ఇనప కడ్డీ తీసుకొచ్చాడు. మూడడుగులుంటుంది. పైన అడ్డ పిడి, కింద మొనకు బఠాణీ గింజంత గోళీ. "నొక్కండి" అన్నాడు. తేమ ఉన్నంత లోతు కడ్డీ వెన్నలో కత్తిలా దిగుతుంది. పొడి నేల తగలగానే ఆగిపోతుంది, ఎంత బలం పెట్టినా దిగదు. కొయ్యకాళ్ల మధ్య నొక్కాను. నా మోకాలి దాకా దిగింది. బండ్లు తిరిగే బాట పక్కన, ఏ గడ్డీ లేని చోట నొక్కాను. జానెడు దిగి ఆగింది. మా నాన్న సాలులోంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, ఆ ఉండ నిలిస్తే పదునుందని, రాలితే లేదని చెప్పేవాడు. ఆయన చెయ్యి పై మట్టిని చూసింది. ఈ కడ్డీ లోపలి మట్టిని చూస్తోంది. విత్తడానికి ముందు దీన్ని గుచ్చి చూసి, ఎంత ఎరువు పెట్టాలో, అసలు ఏ పంట వేయాలో తేల్చుకునే రైతులు ఇక్కడ ఉన్నారు.

అప్పటిదాకా నా పప్పు రాలేదు. చివరికి ఒక చిన్న మడి దగ్గర ఆపాడు. మోకాలి ఎత్తు కూడా లేని మొక్కలు. ఈకల్లాంటి ఆకులు, కొసల్లో సన్న తీగలు, బియ్యపు గింజంత తెల్ల పూలు. ఇదే మసూరు. కాయలో ఒకటీ రెండూ గింజలకు మించి ఉండవు. కాయలు నేలకు అంత దగ్గరగా కాస్తాయి గనక, విత్తిన తర్వాత పెద్ద ఇనప రోలరుతో చేనంతా అదిమి రాళ్లను నేలలోకి తొక్కేస్తారు. లేకపోతే కోత యంత్రం పళ్లు విరుగుతాయి.

1970లో ఇక్కడ గోధుమ అమ్ముడుపోక గాదెలు నిండిపోయాయి. గోధుమ వేయకుండా ఉంటే డబ్బిస్తామని కేంద్ర ప్రభుత్వం రైతులకు చెప్పింది. అంటే మరింత బీడు. మరో పంట కావాలి, అది నేలను కప్పాలి, డబ్బు తేవాలి. మరుసటి ఏడు, 1971లో, సాస్కచెవాన్ విశ్వవిద్యాలయంలో పంటల అభివృద్ధి కేంద్రం పెట్టారు. 1972లో అమెరికాలోని ఐడహో నుంచి ఆల్ స్లింకార్డ్‌ను పిలిచారు. అప్పటికి ఇక్కడ పప్పుధాన్యమంటే ఎవరికీ పట్టని పంట. ఆయన వంగడాలు ఏరడం, ఊళ్లకు వెళ్లి రైతులతో కూర్చోవడం, రెండూ చేశాడు. 1978లో లెయిర్డ్ అనే పెద్ద గింజ మసూరు, 1980లో ఈస్టన్ అనే చిన్న గింజ రకం వచ్చాయి. ఆయన తర్వాత బర్ట్ వాండెన్‌బర్గ్ వచ్చి మనం తినే ఎర్ర రకాల మీద పని నడిపించాడు. ఇప్పుడు ప్రపంచంలో మసూరు ఎక్కువగా ఎగుమతి చేసే దేశం కెనడా. ఆ పంటలో చాలా భాగం సాస్కచెవాన్‌దే.

కుర్రవాడు ఒక మొక్కను పారతో మట్టితో సహా లేపి, వేళ్లు దులిపి నా చేతిలో పెట్టాడు. వేళ్ల మీద ఆవగింజల్లా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చాను. లోపల లేత ఎరుపు. అంటే అది పనిచేస్తోంది, గాలిలోని నత్రజనిని మొక్కకు వండి పెడుతోంది. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదని, ఆకుపచ్చగా ఉంటే పని అయిపోయిందని అర్థం. మా శెనక్కాయ వేళ్లకూ ఇవే బుడిపెలు. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లలకు ఈ పాఠం చెప్పాను. చీల్చి చూసింది ఇదే మొదలు.

"మీ పరిశోధనకు డబ్బెవరిస్తారు?" అని అడిగాను. ప్రభుత్వాలిస్తాయి. రైతులూ ఇస్తారు. పప్పు అమ్మిన ప్రతి రైతు సొమ్ములోంచి చిన్న వాటా కొన్నచోటే తీసి, 1984లో ఏర్పడ్డ పప్పుధాన్య రైతుల బోర్డుకు పంపుతారు. బోర్డులో ఉండేది రైతులే. ఏ తెగులు మీద పని చేయాలో, ఏ గుణం కావాలో వాళ్లు చెబుతారు. ఇండియన్ హెడ్‌లో కూడా 1993 నుంచి రైతులే నడిపే లాభాపేక్ష లేని పరిశోధనా సంస్థ ఒకటి ప్రభుత్వ క్షేత్రంతో కలిసి ప్రయోగాలు చేస్తూ వచ్చింది. డబ్బిచ్చినవాడికి ప్రశ్న అడిగే హక్కుంటుంది. మనం ప్రశ్న అడగం, ఎందుకంటే డబ్బు మనదే అయినా మనం ఇచ్చామని మనకు తెలియదు.

అన్నీ బాగున్నాయని చెప్పడానికి ఈ యాత్ర రాయడం లేదు. దున్నకపోతే కలుపును మందుతో చంపాలి. ఆ మందు ధర దిగిరావడం కూడా ఇక్కడ దుక్కి ఆగడానికి ఒక కారణం. ఇప్పుడు గ్లైఫోసేట్ అనే ఆ మందుకు చావని కోకియా అనే కలుపు మొక్క 2011లో అల్బర్టాలో బయటపడి పాకుతోంది. కోతకు ముందు చేను ఒకే తీరుగా ఎండటానికి మందు కొట్టే అలవాటు మీద, తినేవాళ్లు ప్రశ్నలు వేస్తున్నారు. వెయ్యాల్సిందే. ఇక వేరుకుళ్లు. లాభం వస్తోందని బఠాణీ, మసూరు వెంటవెంటనే వేసిన పొలాల్లో అఫనోమైసిస్ అనే తెగులు చేరింది. సాస్కచెవాన్‌లో 2012లో దాన్ని నిర్ధారించారు. మందు లేదు. ఆ పొలంలో ఆరు నుంచి ఎనిమిదేళ్లు బఠాణీ, మసూరు వేయవద్దంటున్నారు. బీడుకు బదులొచ్చిన పంట, తనకూ విరామం కావాలని అడుగుతోంది.

మధ్యాహ్నం ఒక రైతు ఇంటి వసారాలో కాఫీ ఇచ్చారు. ఆయనకు నేనెక్కడివాణ్ణో తెలియగానే 2017 గుర్తుచేశాడు. ఆ నవంబర్‌లో మన దేశం బఠాణీ దిగుమతి మీద 50 శాతం, డిసెంబర్‌లో మసూరు, శనగల మీద 30 శాతం సుంకం వేసింది. ఆ దెబ్బకు ఆయన గాదెలో ఉన్న పప్పు విలువ పడిపోయిందట. "మీ వాళ్లు మా మీద కోపమొచ్చి చేశారా?" అని అమాయకంగా అడిగాడు. మా కందిరైతుకు మద్దతు ధర కూడా దక్కని ఏడాది అది. మార్కెట్ యార్డుల్లో బస్తాల మీద పడుకుని రోజులు లెక్కపెట్టినవాళ్లు నాకు తెలుసు. ఆ మాట చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ కంది ఎకరానికి ఎంత పండుతుంది?" అని అడిగాడు. ఇద్దరు రైతుల మాట చివరికి అక్కడికే చేరుతుంది.

తిరుగు ప్రయాణంలో అల్లుడు ఒక మాట చెప్పాడు. నేను కారు ఆపమన్నంత పని చేసింది ఆ మాట. 1970లో మన దేశంలో అఖిల భారత మెట్ట వ్యవసాయ సమన్వయ పరిశోధన పథకం మొదలైంది. కేంద్రం హైదరాబాద్. దానికి సాయం చేసిన దేశం కెనడా. రెండు దేశాల ఒప్పందంతోనే అది నడక మొదలుపెట్టింది. ఆ మొక్కే 1985లో హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా అయింది, అదే కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ. ఆ పథకం కేంద్రాల్లో ఒకటి అనంతపురంలోనే ఉంది, మా ఊరికి బస్సు దూరంలో, రేకులకుంటలో. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ నల్లరేగడి మీద 1976లో మొదలుపెట్టిన ప్రయోగమైతే దశాబ్దాలు ఆగకుండా నడిచింది. ఇండియన్ హెడ్‌కు పోవడానికి నేను భూగోళం అవతలికి వచ్చాను. రేకులకుంట గేటు లోపలికి అరవై ఆరేళ్ల వయసొచ్చేదాకా ఒక్కసారీ వెళ్లలేదు.

ఊరికి తిరిగొచ్చాక వెళ్లాను. ప్రెయిరీ పాఠం ఉన్నదున్నట్టు మాకు పనికిరాదని అక్కడే అర్థమైంది. గోధుమ కోస్తే కొయ్యకాలు మిగులుతుంది. శెనక్కాయను వేళ్లతో సహా పీకుతాం, నేల గుండు కొట్టినట్టవుతుంది. మంచు లేదు, పట్టుకోవడానికి. కానీ శెనక్కాయ సాళ్ల నడుమ కంది సాలు వేస్తే, కాయ పీకిన తర్వాత కూడా కంది నిలబడి నేలకు నీడ పడుతుంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే పద్ధతిని మా జిల్లాలోనే ప్రకృతి సేద్యం రైతులు కొందరు చేస్తున్నారు. పేర్లు వేరు, సూత్రం ఒకటి: నేలను బట్ట లేకుండా ఉంచకూడదు. మిగతాది మన నేల మీద మనమే పరీక్షించి తేల్చుకోవాలి. మెకే చెప్పినదాన్ని కూడా అతని ఊరివాళ్లే పరీక్షించారు, అది తప్పని తేలినప్పుడు దాచుకోకుండా దిద్దుకున్నారు. దిద్దుకోగలిగారంటే, వందేళ్ల లెక్కలు పుస్తకాల్లో రాసి ఉన్నాయి గనక.

మా ఊరి కమ్మరి చేత అలాంటి కడ్డీ ఒకటి చేయించాను. మొనకు గోళీ అతికించడానికి అతను రెండు రోజులు తిప్పుకున్నాడు. ఇప్పుడు రెండెకరాల్లో కంది సాళ్లు వేసి, మూడెకరాలు మామూలుగా వదిలి, వాన పడిన ప్రతిసారీ రెండు చోట్లా కడ్డీ గుచ్చి, ఎన్ని అంగుళాలు దిగిందో బడి నోటుపుస్తకంలో తేదీతో రాస్తున్నాను. మీకు పొలముంటే మీరూ ఒక పుస్తకం పెట్టండి. విత్తనం కొనే ముందు మీ జిల్లా పరిశోధనా కేంద్రం గేటు దాటి, ఒక ప్రశ్న అడిగి రండి. కడ్డీకి నాకైన ఖర్చు మూడు వందల యాభై రూపాయలు.